ఆఱు వారముల విశ్రాంతి

మనకు వచ్చు వ్యాధులలో కొన్నింటిని చెప్పుకొనదగినవిగను, కొన్నింటిని చెప్పుకొనరానివిగను మనమే విభజించి పెట్టుకొంటిమి. తలనొప్పియు, మోకాళ్లనొప్పియు నలుగురిలో చెప్పుకొందుము. గర్భసంచి జారినదని మాత్రము కన్నకూతునకైనను చెప్పము. సుశ్రుతాచార్యుడు ఉత్తరతంత్రమున 20 యోనివ్యాపత్తులను లెక్కించుచు, తావు తప్పి జారుదానికి ప్రస్రంసిని యని పేరిడి నిస్సంకోచముగ చెప్పెను. చరకసంహితయందును 20 వ్యాపత్తులు కలవు. అట్టి గ్రంథములు బీరువాలలోనున్న యిండ్లలోనే ఆడువారీ మాట పలుకుటకు సిగ్గుపడుచున్నారు. 1997లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధనమును బట్టి, అచ్చటి స్త్రీలలో నూటికి 11 మంది 80 ఏండ్ల వయసులోపల ఈ జారుడునకో, మూత్రము నిలువకుండుటకో శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చుచున్నది. ఇంతమందికి కలుగుదానిని ఏ యొక్కతెయు తన పాపముగ నెంచనక్కఱలేదు.

శస్త్రచికిత్స కావలెనా, లోపల నుంచు ఉంగరమే చాలునా యనునది వైద్యురాలు పరీక్షించి చెప్పవలసిన మాట. గర్భసంచిని తీసివేయుటయే మార్గమని యనుకొనరాదు. బొంబాయి వైద్యుడు షిరోద్కర్ దానిని నిలుపుచునే పైకెత్తి కట్టు పద్ధతినొకదానిని కల్పించెను. పిల్లలు కావలసిన పడుచువారికి ఇట్టి పద్ధతులున్నవి. జారిన గోడలకు యోనిమార్గమున వల వేయు పద్ధతి కొంతకాలము వ్యాపించెను గాని, కొందఱికి బాధలు కలుగుటచేత ఆ వలల విక్రయమును 2019 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము నిలిపివేయించెను. కాబట్టి మీకు చేసినదేమో, వల వేసిరో లేదో కాగితముపై వ్రాయించుకొని దాచుకొనుడు. తరువాత ఏ వైద్యురాలు చూచినను మొట్టమొదట అడుగునది అదియే.

మేము ముఖ్యముగ వ్రాయదలచినది శస్త్రచికిత్స ముగించుకొని యింటికి వచ్చిన స్త్రీని గూర్చి. కడుపు కోసినవారికి పైన కట్టు కనబడును. చూచినవారు అయ్యోయని జాలిపడుదురు. ఈ శస్త్రచికిత్స తఱచుగ క్రిందినుండియే జరుగును. పైకి గాయమే కానరాదు. సాధారణముగ రెండుమూడు దినములలో ఇంటికి పంపివేయుదురు. వారము తిరుగునప్పటికి నొప్పియు తగ్గి, మనిషి లేచి తిరుగుచుండును. అంతట ఇంటిలోనివారికే కాదు, ఆమెకు సైతము తాను రోగినన్న మాట మఱపునకు వచ్చును. లోపల కుట్లు మాత్రము ఇంకను పచ్చిగనే యుండును. అవి గట్టిపడుటకు ఆఱు వారములు కావలెను. బరువుల విషయమున మూడు మాసములు మెలకువగ నుండుట మేలు.

మా అత్తగారికి 62వ యేట ఈ చికిత్స జరిగినది. నలుగురు బిడ్డల తల్లి. తొమ్మిదేండ్లు ఎవరికిని చెప్పక చీరకుచ్చెళ్ల మాటున దాచుకొని, ఒకనాడు మూత్రము పూర్తిగ నిలిచిపోగా చెప్పక తప్పినది కాదు. చికిత్స సుఖముగనే ముగిసినది. పండ్రెండవ దినమున ఆమె ఆడబిడ్డగారు చూడవచ్చి, "ఏమి వదినా, కడుపు కోయలేదట, కట్టు లేదు, ఇంకా మంచము దిగవా?" యనిరి. ఆ మాట ఎంత పనిచేసినదనగా, ఆమె యటు వీథి దాటినదో లేదో అత్తగారిటు లేచి నీళ్లబిందెపై చేయి వేసిరి. మావారు చూచి బిందె లాగుకొనిరి. వారు బడిపంతులు గదా, మందలించుటకంటె లెక్క చెప్పుట వారికలవాటు. లీటరు నీరు ఒక కిలో. 15 లీటర్ల బిందె, బిందె బరువు గాక, 15 కిలోలు. త్రాగునీటి డబ్బా 20. బియ్యపు బస్తా 25. గ్యాసుబండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు దానికి తోడు. వైద్యురాలు ఎత్తనిచ్చినది నాలుగైదు కిలోలకు లోపలనే. "అమ్మా, నీ కుట్లు చదువుకొన్నవి కావు, ఎవరేమన్నారో వాటికి తెలియదు, బరువు మాత్రము తెలియును" అని వారనగా అత్తగారు నవ్వి మంచమునకు మఱలిరి.

ఆ లెక్కలో చేరని బరువొకటున్నది. అది మనుమడు. రెండేండ్ల బిడ్డ పది పండ్రెండు కిలోలుండును. చేతులు చాచి వచ్చిన పసివానిని ఎత్తుకొనవద్దని ఏ నాయనమ్మకు చెప్పగలము? కనుక మా యింట ఆమె మంచముపై కూర్చున్న పిదప బిడ్డను తెచ్చి ఒడిలో పెట్టుచుంటిమి. బిడ్డకును తేడా తెలియలేదు. బట్టలబకెట్టు, తడిసిన దుప్పట్లు, రుబ్బురోలు, చీపురు పట్టి వంగుట, గొంతుకూర్చుండి ముగ్గు వేయుట ఇవన్నియు ఇతరులు పంచుకొనవలసినవే.

మనలో ఒక మంచి యాచారము కలదు. బాలింతను పని చేయనీయము. ఆమె మంచమున నుండుటను సోమరితనమని అత్తలు సైతము అనరు. ఈ చికిత్స యైన యేబదియేండ్ల ఇల్లాలికి అట్టి మర్యాద లేదు, ఏలయన ఆమె తెచ్చిన బిడ్డ లేదు. ఆ విశ్రాంతినే ఈమెకును ఇచ్చినచో క్రొత్త శాస్త్రములేవియు నేర్వనక్కఱలేదు. అయితే బాలింతపథ్యమును మాత్రము తేవలదు. నీళ్లు తగ్గించి, కూరలు మాన్పి, కారప్పొడి యన్నముతో గడపుట ఈమెకు కీడు. మలబద్ధకమే ఈ కుట్లకు పరమశత్రువు. ముక్కుటవలన కలుగు ఒత్తిడి తిన్నగ కుట్లపైననే పడును. తోటకూర, బీరకాయ, సొరకాయ, జామ, బొప్పాయి, మజ్జిగ, చాలినంత నీరు ఇయ్యవలెను. చాలనిచో వైద్యురాలిచ్చిన విరేచనపు మందును సంకోచింపక పుచ్చుకొనవలెను. మరుగుదొడ్డిలో కుర్చీపీఠముపై కూర్చుండి పాదములక్రింద చిన్నపీట వేసికొన్నచో ముక్కకుండ సులువగును. దగ్గున్నవారు దానికి ముందే మందు వాడుట మంచిది.

విశ్రాంతియనగా ఆఱువారములు కదలక పడియుండుట యని యర్థము కాదు. కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండుటకై మొదటిదినము నుండియే కొంచెముకొంచెముగ నడువవలెను. దినదినము నడక పెంచవచ్చును. చెంబుతో నీళ్లు పోసికొని స్నానము చేయవచ్చును గాని, నదిలోను చెఱువులోను మునుగుట ఆఱు వారములు కూడదు, పుష్కరములైనను సరే.

కొన్నింటిని చూచి భయపడనక్కఱలేదు. నాలుగైదు వారములు కొద్దిపాటి స్రావముండును. మొదట ఎఱుపు, పిదప గోధుమవన్నె, తుదకు తెలుపుకలిసిన పసుపు. మధ్య మధ్య దారపుముక్కలు రాలును. అవి కరగిపోవు కుట్లే. పిరుదులోపలి బంధనమునకు చేర్చి కట్టినచో ఆ వైపు లోతున నొప్పి కొన్నివారములుండుట కలదు. కాని గుడ్డ వెంటవెంటనే తడియునంత నెత్తురుపోవుట, దుర్గంధముగల స్రావము, జ్వరము, మూత్రమున మంట, మూత్రము రాకుండుట, ఒక పిక్క వాచి నొప్పిపుట్టుట, ఆయాసము కలిగినప్పుడు తెల్లవారనిమ్మని యుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇచ్చటనే మన సిగ్గు ప్రాణముల మీదికి తెచ్చుచున్నది. పిక్కనొప్పి చెప్పినవారు సైతము స్రావము మాట దాచుదురు.

ఈ భాగమును భర్తలును చదువవలెనని మా కోరిక. ఆఱవవారమున వైద్యురాలు చూచి సరేననువఱకు దాంపత్యసంపర్కము పనికిరాదు. ఇల్లాలు తానై చెప్పుకొనుటకు జంకును, కావున ఇంటికి పంపునాడే భర్తయెదుట ఈ మాట చెప్పుమని వైద్యురాలిని అడుగవచ్చును. అడుగుట తప్పుకాదు.

కొందఱికి కొన్నేండ్లకు మఱల జారుట కలదు. దానిని తప్పించుటకు బరువు తగ్గించుటయు, కటియడుగు కండరములను బలపఱచుటయు తోడ్పడును. 1948లో ఆర్నల్డ్ కీగెల్ అను అమెరికా వైద్యుడు ఆ వ్యాయామమును గూర్చి వ్రాసి ప్రచారమునకు తెచ్చెను. మన హఠయోగ గ్రంథములందలి మూలబంధము దీనికి చుట్టమే. అయినను యోగులు దానిని వేఱొక ప్రయోజనమునకు చెప్పిరి గాని జారుడునకు కాదు, కావున మన పూర్వులకన్నియు తెలియునని మురియనక్కఱలేదు. వైద్యురాలు అనుమతించిన పిదప, అపానవాయువును మూత్రమును ఒక్కమాఱే ఆపుకొనునట్లు లోపలికి బిగించి, ఊపిరి బిగింపక కొన్ని క్షణములుంచి, మెల్లగ వదలవలెను. ఇట్లు పదిసారులు, దినమునకు మూడుపూటలు. మూత్రవిసర్జన చేయుచు మాత్రము దీనిని సాధన చేయరాదు.

తుమ్ము గాని దగ్గు గాని వచ్చుటకు ముందే ఆ కండరములను బిగించుట యలవాటైనచో లోపలి ఒత్తిడి కొంత ఆగును. మా అత్తగారు దీనిని రెండు దినములలో పట్టుకొనిరి. ఇప్పుడు పోపు ఘాటునకు తుమ్ము వచ్చినను, "ఆగవే" యని దానితోననుచు, బిగించి మఱి తుమ్ముదురు. నీళ్లబిందె మాత్రము నేటికిని మావారే దింపుచున్నారు.