టూటూ: బ్యాలే పావడా కథ

బ్యాలే నర్తకి నడుము చుట్టూ పళ్ళెంలా అడ్డంగా విచ్చుకుని నిలబడే పొట్టి పావడా పేరు టూటూ. దూరం నుంచి దూదిపింజలా కనబడుతుంది. తిరగేసి చూస్తే పది పన్నెండు వరసల నెట్ గుడ్డ, లెక్కలేనన్ని కచ్చా కుట్లు, చాలావాటిలో ఒక ఉక్కు తీగ కూడా ఉంటాయి. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. ఆ రెండూ ఒకే పావడాలో కుదరడానికి వందేళ్ళకు పైగా పట్టింది. దీని పొడవు ఎప్పుడు తగ్గినా, ఆకారం ఎప్పుడు మారినా, చాలావరకు కారణం నర్తకి కాళ్ళలోనే దొరుకుతుంది. కాళ్ళు కొత్త విద్య నేర్చినప్పుడల్లా అది కనబడేలా గుడ్డ పక్కకు తప్పుకుంది.

బ్యాలే ఫ్రాన్సు రాజుల కొలువులో పెరిగిన నాట్యం. 14వ లూయీ 1661లో దానికొక అకాడమీ పెట్టాడు. పారిస్ ఒపేరా వేదిక మీదికి వృత్తి నర్తకులుగా స్త్రీలు వచ్చింది 1681లో. వాళ్ళు తొడుక్కున్నవి కొలువులోని దొరసానుల దుస్తులే: నేల జీరాడే బరువైన గౌన్లు, ఎత్తు మడమల జోళ్ళు. తర్వాతి తరంలో తుంటికి రెండు పక్కలా బుట్టల్లాంటి చట్రాలు కూడా వచ్చి చేరాయి. ఆ బరువుతో ఎగరడం మాట అటుంచి, గిరుక్కున తిరగడమే గగనం. పాదాలు ఏం చేస్తున్నాయో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. మగ నర్తకులకు ఈ ఇబ్బంది లేదు కాబట్టి ఎగిరే విద్యలన్నీ వాళ్ళ సొత్తుగానే సాగాయి.

ఆ సొత్తులో వాటా అడిగింది మరీ కామార్గో. 1726లో పారిస్‌లో తొలిసారి ఆడిన ఈ నర్తకి, గాలిలోకి ఎగిరి నేలకు దిగేలోగా రెండు పాదాలనూ ముందుకూ వెనక్కూ చకచకా మార్చగలిగేది. అంత సాధనా పావడా కింద దాగిపోతే ఫలితమేముంది? ఆమె అంచును కొద్ది అంగుళాలు పైకెత్తి చీలమండలు కనబడేలా చేసింది. కనబడింది చీలమండలే అయినా పారిస్‌లో పెద్ద చర్చే నడిచింది. అంచు లేచాక లోపల బిగుతైన చల్లడం తొడుక్కోవడం అవసరమైంది. నేటి టూటూ వరసలన్నీ కుట్టేది అలాంటి చల్లడం మీదనే. కామార్గోకు పోటీగా నిలిచిన మరీ సాలే ఇంకో దారి పట్టింది. 1734లో లండన్‌లో చట్రాలన్నీ తీసేసి, పల్చటి మస్లిన్ దుస్తులతో ఆడింది. ఒకరు పొడవు తగ్గించారు, ఒకరు బరువు తగ్గించారు.

బరువు తగ్గిస్తే బిగువు పోతుంది. మస్లిన్ ఒంటికి అంటుకుని వేలాడుతుందే తప్ప విచ్చుకుని నిలబడదు. ఈ చిక్కు విడిపోయింది నాట్యశాలలో కాదు, ఇంగ్లండులోని ఒక యంత్రశాలలో. చేత్తో అల్లే లేసు వల చాలా ఖరీదైనది. దాన్ని యంత్రం మీద అల్లే ఉపాయం జాన్ హీత్‌కోట్ కనిపెట్టి 1809లో పేటెంటు పొందాడు. మగ్గం మీద పడుగు, పేక ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుపోతాయి. హీత్‌కోట్ యంత్రంలో నిలువు దారాల సందుల్లోంచి పల్చటి ఇత్తడి బిళ్ళల మీద చుట్టిన దారాలు దూరి, ఒక్కో నిలువు దారాన్నీ మెలితిప్పి, ఏటవాలుగా పక్క దారం దగ్గరికి జరుగుతాయి. అలా తేనెపట్టు గదుల్లాంటి ఆరు మూలల కన్నులు ఏర్పడతాయి. ఏ దారమూ జారిపోదు, గుడ్డలో ఎక్కువ భాగం ఖాళీయే, అయినా కుచ్చు పెడితే నిలబడుతుంది. యంత్రాలు తమ నోటి దగ్గర కూడు తీసేస్తాయని భయపడ్డ లడ్డైట్లు 1816లో లఫ్‌బరోలోని ఆయన ఫ్యాక్టరీలో 55 యంత్రాలు పగలగొట్టారు. ఆయన డెవన్‌లోని టివర్టన్‌కు మకాం మార్చాడు. ఆయన పేరు మోస్తున్న ఆ ఊరి సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్ పారాషూట్ గుడ్డ నేసింది ఆ సంస్థే. ఈ వల గుడ్డకు స్థిరపడిన పేరు ట్యూల్. అది ఫ్రాన్సులోని ఒక పట్టణం పేరు.

చవకైన వల గుడ్డ అందుబాటులోకి వచ్చిన కొద్దికాలానికే దానికి తగిన నాట్యమూ పుట్టింది. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీడ్’ ప్రదర్శించారు. కథానాయిక మనిషి కాదు, అడవిలో తిరిగే గాలికన్య. ఆ పాత్ర వేసిన మరీ టాల్యోనీ కాలి బొటనవేళ్ళ కొసల మీద నిలబడి, నేలకు బరువు లేనట్టు కదిలింది. పిక్కల సగం దాకా దిగే గంట ఆకారపు తెల్ల పావడా ఆమె దుస్తులు. రూపకల్పన యూజీన్ లామీదని చెబుతారు. ఒపేరాలో 1822 నుంచే గ్యాసు దీపాలు వచ్చాయి. వాటిని తగ్గించి వెన్నెల లాంటి వెలుతురు తెప్పిస్తే, పొరలు పొరలుగా ఉన్న తెల్లని గుడ్డ ఆ వెలుతురును పీల్చుకుని మెరిసింది. 1841లో వచ్చిన ‘జిజెల్’తో ఈ రూపం ఖాయమైపోయింది. రొమాంటిక్ టూటూ అనేది దీన్నే.

పావడాను అందంగా చూపిన ఆ దీపాలే దానికి శత్రువులయ్యాయి. పల్చటి నూలు గుడ్డ, పొరల మధ్య బోలెడంత గాలి, పక్కనే తెరిచి ఉన్న మంట: ఇంతకంటే వేగంగా అంటుకునేది వేదిక మీద మరొకటి ఉండదు. 1844లో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ దుస్తులకు నిప్పంటుకుంది. మూడు రోజుల్లో ఆమె చనిపోయింది. గుడ్డను పటిక వంటి లవణాల ద్రావణంలో ముంచి మంటకు తట్టుకునేలా చేసే కార్టెరాన్ పద్ధతి ఫ్రాన్సులో వచ్చింది. 1859లో ప్రభుత్వం దాన్ని థియేటర్లలో తప్పనిసరి చేసింది. అయితే ఆ ద్రావణంలో ముంచిన గుడ్డ బిరుసెక్కి, వెలిసినట్టు కనబడేది. టాల్యోనీ ప్రియశిష్యురాలు ఎమ్మా లివ్రీ అది తొడుక్కోనంది. 1862 నవంబరు 15న రిహార్సల్లో ఆమె పావడా గ్యాసు దీపానికి తగిలి భగ్గుమంది. ఎనిమిది నెలలు నరకయాతన పడి 1863 జూలైలో ప్రాణం విడిచింది. అప్పటికింకా ఇరవై ఒకటో ఏడు నిండలేదు. ప్రమాదానికి రెండేళ్ళ ముందు టాల్యోనీ ఆమె కోసం కూర్చిన ‘ల పాపియోఁ’లో ఆమెది దివిటీకి రెక్కలు కాల్చుకునే సీతాకోకచిలుక పాత్ర. ఆ రోజు కాలగా మిగిలిన గుడ్డ పేలికలను పారిస్ ఒపేరా గ్రంథాలయ మ్యూజియం దాచి ఉంచింది. టూటూ చరిత్రలో ఇదొక పెద్ద విషాదం.

తర్వాతి మార్పు ఇటలీ నుంచి వచ్చింది. మిలాన్ నర్తకులు గట్టి కొసల జోళ్ళతో, ఒంటి కాలి మీద వరసగా చుట్లు తిరిగే విద్యను సాధించారు. ఆ బలమంతా మోకాలిలో, తొడలో ఉంది. పిక్కల దాకా దిగే పావడా దాన్ని దాచేస్తుంది. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వచ్చిన వర్జీనియా జుక్కీ, రాజ థియేటర్ల నియమాలను కాదని పొట్టి పావడానే పట్టుబట్టి తొడుక్కుంది. పదేళ్ళకు, 1895లో, ‘స్వాన్ లేక్’లో పియెరీనా లెన్యానీ ఒకే చోట నిలబడి 32 చుట్లు తిరిగింది. ప్రతి చుట్టుకూ రెండో కాలు కొరడాలా విసరాలి. ఆ విసురు ప్రేక్షకుడికి కనబడాలి. అలా పావడా మోకాలు దాటి పైకి పోయింది.

టూటూ అనే పేరు వాడుకలోకి వచ్చిందీ ఈ కాలంలోనే. ఫ్రెంచి పిల్లల ముద్దుమాటల్లో పిరుదులకు వాడే పదం నుంచి పుట్టిందని ఎక్కువమంది చెబుతారు. ట్యూల్ నుంచి వచ్చిందనేది ఇంకో వాదన. చిత్రకారుడు ఎద్గార్ దెగా తెర వెనక జోళ్ళు కట్టుకునే, ఒళ్ళు విరుచుకునే నర్తకులను ఏళ్ళ తరబడి గీశాడు. 1881లో ప్రదర్శించిన పద్నాలుగేళ్ళ నర్తకి మైనపు శిల్పానికి నిజమైన గుడ్డ పావడానే తొడిగాడు. ఆయన పోయాక పోతపోసిన కంచు ప్రతులు ఇవాళ ఎన్నో మ్యూజియాల్లో ఉన్నాయి. కంచు చెడదు, గుడ్డ చివుకుతుంది. అందుకే వాటి పావడాలు మారుతూ వచ్చాయి, ఒక్కో చోట ఒక్కో పొడవులో కనబడతాయి.

20వ శతాబ్దంలో పావడా నడుము నుంచి అడ్డంగా చాచుకుని పళ్ళెమైంది. దీన్ని పాన్‌కేక్ టూటూ అంటారు. మనవాళ్ళ కంటికి అట్టు అనిపిస్తుంది. దాని కుట్టుపని వివరంగా చూడదగ్గది. ముందు తుంటికి అతికినట్టుండే చల్లడం కుడతారు. దాని మీద కింది నుంచి పైకి ఒక్కో వరస కుచ్చు పెట్టి కుట్టుకుంటూ వస్తారు. అట్టడుగు వరస వెడల్పు రెండు మూడు అంగుళాలే. పైకి వచ్చేకొద్దీ పెరిగి, అన్నిటికంటే పై వరస సుమారు 14, 15 అంగుళాలుంటుంది. పొట్టి వరసలు దూలాల్లా కింద ఉండి పొడుగు వరసలను మోస్తాయి. మధ్య వరసల్లో ఒకదానికి గొట్టంలా మడత కుట్టి సన్నని ఉక్కు తీగ దూరుస్తారు. చివరికి వరసలన్నిటినీ కలుపుతూ పొడుగాటి వదులు కచ్చా కుట్లు వేస్తారు. ఈ కుట్లు బిగిస్తే టూటూ చెక్కలా బిగుసుకుపోతుంది, మరీ వదిలితే నర్తకి దూకినప్పుడల్లా వరసలు చెదురుతాయి. సరైన పాలు చేతికి తెలియాల్సిందే, కొలతకు అందదు. ఒక్క టూటూకి పదీ పదిహేను మీటర్ల నెట్, అరవై నుంచి తొంభై గంటల పని పడుతుంది.

పూర్వం నూలు నెట్‌కు గంజి పెట్టేవారు. చెమట తగిలితే అది చప్పబడేది. నైలాన్ వచ్చాక ఆ బాధ తగ్గింది. వెనక హుక్కుల వరసలు ఒకటికి మించి ఉంటాయి కాబట్టి ఒకే దుస్తులు వేర్వేరు నడుములకు సరిపోతాయి. ఉతికితే నెట్ చెడుతుందని, వాసన పోవడానికి బ్యాలే సంస్థల్లో వోడ్కా కలిపిన నీళ్ళు చల్లుతారు. మామూలుగా వేలాడదీస్తే వరసలు కిందికి వాలిపోతాయి. అందుకని టూటూను తలకిందులుగా వేలాడదీస్తారు, లేదా పెద్ద గుండ్రటి సంచిలో పడుకోబెడతారు. జంట నాట్యంలో మగ నర్తకుడికి ఈ పళ్ళెం అడ్డొచ్చి ఆమె పాదాలు కనబడవు. నడుము పట్టుకున్న చేతులతోనే ఆమె తూకం గ్రహించాలి. అది అలవాటు కావడానికి అభ్యాసంలో కూడా సాదా టూటూ తొడుక్కుంటారు.

ఉక్కు తీగ టూటూకి ఒక లోపం ఉంది. ఒక అంచు తాకితే అవతలి అంచు లేస్తుంది. పదిమంది పక్కపక్కన నిలబడితే పళ్ళేలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఖార్కివ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ బార్బరా కరీన్‌స్కా దీనికి పరిష్కారం చూపింది. నృత్య దర్శకుడు బాలంచీన్ ‘సింఫనీ ఇన్ సి’ కోసం 1950లో ఆమె తీగ తీసేసి, ఆరేడు పొట్టి వరసలను వదులుగా కుట్టింది. పౌడరు పఫ్‌లా మెత్తగా కదిలే ఈ టూటూకి ఆ పేరే నిలిచింది. బాడీ భాగాన్ని కూడా ఆమె క్రాస్ కట్‌లో కత్తిరించింది. మన దర్జీలు జాకెట్టుకు వాడే కిటుకే ఇది: గుడ్డను ఏటవాలుగా కోస్తే కాస్త సాగి, ఊపిరి పీల్చినప్పుడు పట్టేయదు. దుస్తుల రూపకల్పనకు ఆస్కారు ఇవ్వడం మొదలైన ఏడాదే, ‘జోన్ ఆఫ్ ఆర్క్’ సినిమాకు, మరొకరితో కలిసి అది అందుకున్న మనిషి ఆమె. టూటూను కాళ్ళ కోసమే కాక ఊపిరి కోసం కూడా ఆలోచించి కుట్టిన గొప్ప పనిమంతురాలు.

ప్రయోగాలూ జరిగాయి. ఆస్కార్ ష్లెమ్మర్ 1922లో స్టుట్‌గార్ట్‌లో ప్రదర్శించిన ‘ట్రయాడిక్ బ్యాలే’లో పావడాలు తీగచుట్టలుగా, గట్టి చక్రాలుగా మారాయి. నృత్య దర్శకుడు విలియం ఫోర్సైత్ 1996 నాటి నృత్యంలో టూటూ కుచ్చులేమీ లేని పచ్చటి పలక బిళ్ళ.

ఫ్యాషన్ మీద టూటూ ప్రభావం రెండో ప్రపంచ యుద్ధానంతరం బలంగా కనబడింది. గుడ్డకు రేషను ఉన్న ఏళ్ళలో స్త్రీల పావడాలు ఇరుగ్గా, పొట్టిగా ఉండేవి. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ చూపిన దుస్తుల్లో నడుము సన్నం, కింద పిక్కల దాకా పూరేకుల్లా విచ్చుకున్న పావడా. రొమాంటిక్ బ్యాలే ఆకారం వీధిలోకి వచ్చినట్టయింది. లోపల దాన్ని నిలబెట్టినవి నెట్ వరసలే. 1950ల అమెరికాలో కాలేజీ అమ్మాయిల గౌన్ల కింద నైలాన్ నెట్ లోపావడాలు వచ్చాయి. తెలుగు ఊళ్ళ గుడ్డల దుకాణాల్లో పిల్లల పుట్టినరోజు గౌనుకూ, పెళ్ళి లెహంగాకూ లోపల వేయమని అడిగే క్యాన్‌క్యాన్ నెట్ పని కూడా ఇదే. దాని పేరు పారిస్ నాట్యశాలల్లో లంగాలు ఎగరేసి ఆడే మరో నృత్యానిది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బ్యాలేలో పావడా కాలి కోసం తప్పుకుంది. ఫ్యాషన్ ఆ అవసరాన్ని వదిలి ఆకారాన్నీ, వల గుడ్డ మెరుపునూ తీసుకుంది. ఫ్యాషన్ రూపకర్త వివియన్ వెస్ట్‌వుడ్ 1985లో ‘పెత్రూష్కా’ బ్యాలేలోని బొమ్మను చూసి, 19వ శతాబ్దపు పంజరం పావడాను టూటూ పొడవుకు కోసి మినీ క్రినీ చేసింది. 1998లో మొదలైన ‘సెక్స్ అండ్ ద సిటీ’ ధారావాహిక టైటిళ్ళలో కథానాయిక న్యూయార్క్ వీధిలో తొడుక్కున్న తెల్ల నెట్ పావడాను దుస్తుల రూపకర్త ప్యాట్రీషియా ఫీల్డ్ ఐదు డాలర్ల బుట్టలోంచి ఏరింది. 2024 వేలంలో దాని ధర 52,000 డాలర్లు పలికింది. నగరంలో పగటిపూట, మామూలు బనీను మీద నెట్ పావడా వేసుకోవచ్చన్న ధైర్యం చాలామందికి ఆ టైటిళ్ళే ఇచ్చాయి. 2018 యు.ఎస్. ఓపెన్‌లో టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్, ఫ్యాషన్ రూపకర్త వర్జిల్ అబ్లో రూపొందించిన ఒంటి భుజం నల్ల దుస్తుల్లో, నడుము చుట్టూ ట్యూల్ కుచ్చులతో కోర్టులో దిగింది. పరుగు తీసి, వంగి, బంతిని బలంగా కొట్టే ఆ కాళ్ళ మీద టూటూ మళ్ళీ తన పాత పనిలోనే కనబడింది.