గేర్‌బాక్స్‌కో వడపోత

ఆటోమేటిక్ కారు ఆయిల్ గొట్టంలో బిగించే చిన్న ఫిల్టర్ పెద్ద ఖర్చును తప్పించవచ్చు. కానీ అన్ని కార్లకూ కాదు

లక్ష కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ అడుగు పళ్లెం విప్పితే, అందులోని అయస్కాంతం మీద కాటుకలా పేరుకున్న నల్లటి ముద్ద కనిపిస్తుంది. అరిగిన ఉక్కు పొడి, క్లచ్ ప్లేట్ల పొట్టు కలిసిన అడుసు అది. అయస్కాంతానికి చిక్కింది సరే, చిక్కనిదే ప్రమాదం. సన్నని దారుల్లోని వాల్వులను అది గీకుతుంది, కదలనివ్వదు. గేరు మారేటప్పుడు కారు కుదుపుతుంది, లేదా గేరు పట్టక జారిపోతుంది.

మాన్యువల్ కారులో గేర్ ఆయిల్ పని ప్రధానంగా పళ్లు అరగకుండా చూడడమే. 1939లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు తెచ్చిన హైడ్రా-మాటిక్ నాటి నుంచీ, ఆటోమేటిక్‌లో మాత్రం ఆయిలే కండబలం. క్లచ్‌లను నొక్కేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. చల్లబడడానికి ఒక గొట్టం గుండా రేడియేటర్ దగ్గరి కూలర్‌కు వెళ్లి, మరో గొట్టంలో తిరిగొస్తుంది. ఆ తిరుగు గొట్టాన్ని కోసి మధ్యలో బిగించేదే ఇన్‌లైన్ ఫిల్టర్. లోపల వడపోత పొర, చాలావాటిలో ఒక అయస్కాంతం, ఫిల్టర్ పూడుకుపోయినా ఆయిల్ ఆగకుండా పక్కదారి తెరిచే వాల్వు ఉంటాయి.

ఇది మెకానిక్‌ల చిట్కా మాత్రమే కాదు. హోండా కొన్ని మోడళ్లకు ఫ్యాక్టరీలోనే బయటి ఫిల్టర్ అమర్చింది. గేర్‌బాక్స్ బాగుచేయించాక దీని అవసరం మరీ ఎక్కువ. పాత గేర్‌బాక్స్ వదిలిన పొడి కూలర్ సందుల్లో దాక్కుంటుంది, ఎంత కడిగినా కొంత మిగులుతుంది. వేలకు వేలు పోసి బాగుచేయించిన గేర్‌బాక్స్‌లోకి మొదటి రోజే ఆ చెత్త చేరితే డబ్బంతా బూడిదలో పోసినట్టే. అమెరికా చదువుకు వెళ్లి పాత జపాన్ కారు కొనుక్కునే తెలుగు విద్యార్థికి ఈ లెక్క బాగా తెలుసు. గేర్‌బాక్స్ పోతే మరమ్మతు ఖర్చు కారు ధరనే దాటిపోవచ్చు.

అలాగని ఫిల్టర్ సర్వరోగ నివారిణి కాదు. వేడికి మాడిన ఆయిల్‌ను అది బాగుచేయలేదు. గడువు ప్రకారం ఆయిల్ మార్చాల్సిందే. కొన్ని కంపెనీలు తమ ఆయిల్ ‘జీవితకాలం’ వస్తుందంటాయి. ఎవరి జీవితకాలమో చెప్పవు. డిజైన్ లోపం ముందూ ఫిల్టర్ నిలవదు. రెండో గేరు వేడెక్కి పళ్లు విరిగే ముప్పు ఉందని 2004లో హోండా అమెరికాలో సుమారు 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. దానికి విరుగుడు ఆ గేరు మీద మరింత ఆయిల్ చిమ్మే ఏర్పాటే.

బిగించడంలో పొరపాటు జరిగితే మొదటికే మోసం. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఆయిల్ పారే దిశలోనే ఉండాలి. క్లిప్పు వదులైతే ఆయిల్ కారిపోయి, కాపాడాలనుకున్న గేర్‌బాక్సే కాలిపోతుంది. చవకని పెట్రోల్ ఫిల్టర్ తగిలించడం మరో తప్పు. ఆ వేడికి, ఆ ప్రవాహానికి అది తయారైంది కాదు.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ కార్లనూ జనం ఆటోమేటిక్ అనే పిలుస్తారు. నిజానికి అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని యంత్రం చేస్తుంది, అంతే. దానికి కూలర్ గొట్టాలే ఉండవు. కొన్ని సీవీటీ కార్లలో కూలర్‌ను గేర్‌బాక్స్‌కే బిగించేస్తారు కాబట్టి కోయడానికి గొట్టం దొరకదు. వారంటీ ఉన్న కారైతే గొట్టం మీద కత్తి పెట్టే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.