పాలమూరు సీమ వానలు, విత్తనపు అదను

పూర్వపు మహబూబునగరు జిల్లాకు 1890 వఱకు పాలమూరని పేరు. నేటికిని జనుల నోట ఆ పేరే చెల్లుచున్నది. 2016, 2019 సంవత్సరములలో ఆ జిల్లా పలు జిల్లాలుగ విభజింపబడినది గాని, పైనున్న ఆకాశము విభజింపబడలేదు. గద్వాలకును నారాయణపేటకును నాగరుకర్నూలునకును వాన తీరు ఇంచుమించుగ ఒక్కటే.

ఈ సీమయందు ఏటికి సగటున కురియు వాన సుమారు 24 అంగుళములు, అనగా 600 మిల్లీమీటర్లు. ఎకరము నేలపై ఒక్క అంగుళము వాన కురిసినచో సుమారు 1,03,000 లీటర్ల నీరు పడినట్లగును. కావున 24 అంగుళములు జొన్నకును ఆముదమునకును చాలని నీరు కాదు. అది అదనుకు పడకపోవుటయే ఇచ్చటి రైతునకు కలుగు చేటు. ఏటి మొత్తము నిండుగ కనబడిన సంవత్సరమున సైతము పొలము ఎండిపోవుట కలదు.

వాన కొఱతపడుటకు కారణము దూరమున నున్నది. నైరుతి గాలులు అరేబియా సముద్రమునుండి తెచ్చు నీటిలో పెక్కు భాగమును పడమటి కనుమలపైననే దింపివేయును. అచ్చటి మహాబలేశ్వరమున ఏటికి 200 అంగుళములకు పైగ కురియును. కనుమలు దాటి వచ్చిన గాలి రాయచూరు, పాలమూరు ప్రాంతములను చేరునప్పటికి చాలవఱకు పొడిబారియుండును. ఇక బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములు జూలై, ఆగస్టు మాసములలో తఱచుగ ఒడిశా వైపున తీరము దాటి వాయవ్యముగ సాగిపోవును. వాని వలని వాన ఉత్తర తెలంగాణమునకు దక్కినట్లు ఈ దక్షిణ భాగమునకు దక్కదు. కృష్ణపై జూరాల ఆనకట్టయు, తరువాత ఎత్తిపోతల కాలువలును వచ్చినందున కొన్ని గ్రామముల స్థితి మాఱినది. కాలువ అందని చల్క పొలములకు వానయే ఆధారము.

మే నెలాఖరున వచ్చు రోహిణి కార్తెలో రోళ్లు పగులునందురు. పగటి వేడిమి 40 డిగ్రీలు మించును. అప్పుడప్పుడు సాయంకాలము గాలి దుమారముతో కూడిన జల్లు పడి కొల్లాపురము వైపు మామిడికాయలను రాల్చును. ఈ జల్లు దుక్కికి పనికివచ్చును గాని విత్తుటకు పనికిరాదు.

జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించును. నైరుతి ఋతుపవనము తెలంగాణమును తాకు సగటు కాలము కూడ ఇదియే. చాంద్రమానపు నెలలు అధికమాసము వలన వెనుకముందులగుచుండును. కార్తెలు సూర్యుని నడకను అనుసరించునవి కావున ఏటేట దాదాపు అదే తేదీకి వచ్చును. పెద్దలు సేద్యమునకు కార్తెలను ప్రమాణముగ గైకొనుట మిక్కిలి తెలివిగల పని. అయినను కార్తె అదనును మాత్రమే తెలుపును, పదునును తెలుపదు.

పెక్కుమంది రైతులు నష్టపోవునది ఇచ్చటనే. మృగశిరలో ఒక రాత్రి ముప్పాతిక అంగుళము వాన పడును. తెల్లవాఱునప్పటికి ఊరంతయు గొఱ్ఱులు కట్టును. పొరుగువాడు విత్తుచుండ చేతులు కట్టుకొని కూర్చుండుట ఎవనికిని సులభము కాదు. కాని చల్క నేల ఎంత త్వరగ తడియునో అంత త్వరగ ఆరును. నాలుగు దినములు ఎండ కాసినచో పైమన్ను పెచ్చుకట్టును. మొలక ఆ పెచ్చును చీల్చలేక లోపలనే వంగి చచ్చును, లేక పైకి వచ్చి వాడిపోవును. ఇంట నున్న విత్తనము అయిపోయిన పిమ్మట రెండవ విత్తునకు అప్పు చేయవలసివచ్చును. ఈ సీమనుండి కూలికై దూరదేశములకు వలసపోయిన కుటుంబములలో ఇట్టి అప్పుతో ఊరు విడిచినవి లేకపోలేదు.

కావున చల్క నేలలలో రెండు, రెండున్నర అంగుళముల వాన పడువఱకును, నల్లరేగడలో మూడంగుళములకు సమీపించువఱకును విత్తకుండుట మేలు. వానకొలత యంత్రము లేనివారు చేనిలో గడ్డపాఱతో త్రవ్వి చూడవలెను. మన్ను జానెడు లోతున పిడికిట పట్టిన ముద్దకట్టవలెను. పైన తడి, క్రింద పొడి యున్నచో ఆ దినమున గొఱ్ఱు కట్టరాదు. ఆలస్యమైనదని భయపడ పనిలేదు. ఆముదము, కంది జూలై మాసాంతము వఱకు విత్తవచ్చును.

మొలచిన తరువాత రెండవ గండము వానల విరామము. జూలై, ఆగస్టులలో ఋతుపవనపు అల్పపీడన రేఖ ఉత్తరమునకు జరిగి హిమాలయపు పాదములను చేరినప్పుడు దక్షిణాపథమున చాల భాగము వానలు నిలిచిపోవును. ఇది పది దినములు ఉండవచ్చును, మూడు వారములు ఉండవచ్చును. 2002 జూలైలో దేశమంతటను కురియవలసిన వానలో సుమారు సగము కురియలేదు. ఈ కాలమున సాళ్ల నడుమ గుంటక తోలుట వలన కలుపు చచ్చుటయే గాక, పైమన్ను గుల్లయై క్రింది తడిని కప్పి కాపాడును. వాన లేదు గదా యని గుంటకను మూలబెట్టుట పొరపాటు. అది వాన లేని దినములకే ముఖ్యముగ కావలసినది.

ఆగస్టు 17 ప్రాంతమున మఖ వచ్చును. మఖ పంచకము సదా వంచకమని సామెత. మఖ మొదలు చిత్త వఱకు గల అయిదు కార్తెల వాన నమ్మదగినది కాదని దాని భావము. సామెతకు ఆధారము లేకపోలేదు. ఈ దినములలో వాన ముఖ్యముగ బంగాళాఖాతపు వాయుగుండములపై ఆధారపడును. సెప్టెంబరు గడచుకొలది అవి మునుపటికంటె దక్షిణముగ తీరము దాటును. వచ్చినచో కుండపోత, రానిచో ఎండ. 2009లో జూన్, జూలై మాసములు తెలంగాణమున పొడిగ గడచి పునాస పంట దెబ్బతినెను. అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర, కృష్ణలు పొంగి అలంపురము నీట మునిగెను. ఒక్క యేడాదిలోనే కరవును వఱదయు కలిగినవి.

పునాస చెడినవారు చేనును బీడు పెట్టక ఉత్తర, హస్త కార్తెలలో ఉలవలు చల్లుట వాడుక. ఉలవ కొద్దిపాటి తడితోనే గట్టెక్కును, పశువులకు మేతయు మిగులును. అలంపురము, మక్తలు వైపు రేగడలలో మాఘి జొన్నకు ఇదియే అదను. రేగడ మున్ను త్రాగిన నీటిని లోపల దాచుకొని పైరునకు నెలల తరబడి అందించును. చిత్త చినుకు తన చిత్తమున్నచోట పడును. ఒక చేనిలో పడి గట్టు దాటినచో పడకపోవచ్చును. కావున పొరుగూరి వాన విని విత్తక తన చేనిని త్రవ్వి చూచియే విత్తవలెను.

నవంబరు తరువాత వాన అరుదు. తుపాను వాన వచ్చినను పైరునకు లాభము తక్కువ, కళ్లములో ఆరబోసిన గింజకు నష్టము ఎక్కువ. ఆ నెలలలో కళ్లమునకు మెఱకచోటు ఏర్పఱచుకొని, కప్పుటకు గడ్డియో గుడ్డయో దగ్గఱ నుంచుకొనవలెను.