దుబాయి పోయేముందు

జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి చాలామంది గల్ఫ్ దేశాలకు పోతారు. అప్పు తీరాలి. ఇల్లు కట్టాలి. పిల్లలు చదవాలి. అదే వారి ఆశ.

"పోతే అందరం కలిసే పోదాం" అంటుంది భార్య. కాని అది అందరికీ కుదరదు. దుబాయికి భార్యాపిల్లలను పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి. లేదా 3,000 జీతం, ఉండటానికి ఇల్లు ఉండాలి. 2019లో వచ్చిన నియమం ఇది. మామూలు కూలీకి అంత జీతం రాదు. అతడు క్యాంపు గదిలో ఉంటాడు. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉంటారు.

"విజిట్ వీసా మీద పోండి. పని అదే దొరుకుతుంది" అని కొందరు ఏజెంట్లు చెబుతారు. నమ్మరాదు. విజిట్ వీసా చూసి రావడానికే. దానిమీద పని చేస్తే నేరం.

ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 1983 నాటి వలస చట్టం చెప్పేది ఇదే. ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు దాటకూడదు. దానిపై జీఎస్టీ వేరు. రసీదు అడిగి తీసుకోవాలి.

పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. బీమా కూడా చేయించాలి. రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో మనిషి పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి.

పని ఏమిటి? జీతమెంత? ఎన్ని గంటలు? ఒప్పంద పత్రంలో ఇవన్నీ ఉండాలి. భార్యాభర్తలిద్దరూ దాన్ని చదవాలి. చదివాకే సంతకం చేయాలి. ఒక నకలు ఇంట్లో ఉంచాలి. రేపు కష్టమొస్తే ఇంటివాళ్ల చేతిలో ఉండే ఆధారం అదే.