దూలగొండి దురదకు మామూలు మాత్ర ఎందుకు పనిచేయదు?

వానాకాలంలో కంచెల మీద, పొదల మీద అల్లుకునే దూలగొండి తీగకు చలికాలం వచ్చేసరికి కాయలు ముదురుతాయి. వాటిని కప్పి ఉండే గోధుమ రంగు నూగు కొద్దిపాటి కదలికకే రాలిపోతుంది. పశువుల కాపరులు, కట్టెలు ఏరుకునేవారు, గట్ల మీది పొదలు కొట్టే కూలీలు ఎక్కువగా దీని బారిన పడుతుంటారు. కాయను ముట్టుకోనక్కరలేదు, గాలికి ఎగిరివచ్చిన నూగు మెడ మీద పడినా భరించలేని దురద మొదలవుతుంది. సంస్కృతంలో ఈ మొక్కను ‘కపికచ్ఛువు’ అంటారు, అంటే కోతికి దురద పుట్టించేది. ఆంగ్లంలోని ‘కౌహేజ్’ అనే పేరుకు ఆవుతో సంబంధమేమీ లేదు. హిందీ ‘కేవాంచ్’ ఆంగ్లేయుల నోట అలా మారింది.

ఈ నూగులోని ఒక్కొక్క రోమం సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుండే బిరుసైన ముల్లు. కొన వద్ద వెనక్కి వంగిన సూక్ష్మమైన కొక్కేలు ఉంటాయి. అందువల్ల గోకినా, రుద్దినా అది బయటకు రాదు సరికదా, మరింత లోపలికి దిగుతుంది.

అయితే దురదకు కారణం గుచ్చుకోవడం మాత్రమే కాదు. అధిక వేడికి గురిచేసిన రోమాలు చర్మంలో దిగినా చెప్పుకోదగ్గ దురద పుట్టదు. వేడికి నశించేదేదో వాటిలో ఉందన్నమాట. ప్రోటీన్లను ఛేదించే ఆ ఎంజైమును అమెరికా చర్మవైద్యులు షెల్లీ, ఆర్థర్ 1955లో వెల్లడించి, ‘మ్యుకునైన్’ అని పేరు పెట్టారు. అది చర్మంలో ఏం చేస్తుందో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. చర్మకణాల మీద, నాడుల మీద ఉండే కొన్ని గ్రాహకాలను మ్యుకునైన్ ఛేదించి ఉత్తేజపరుస్తుందని 2008లో ఈథన్ లెర్నర్ బృందం ప్రకటించింది.

వైద్యులకు ఈ విషయం ముఖ్యం కావడానికి కారణముంది. దోమ కుట్టినప్పుడు, దద్దుర్లు లేచినప్పుడు వచ్చే దురదలో ప్రధాన పాత్ర హిస్టమిన్‌ది. మందుల దుకాణంలో దొరికే సాధారణ దురద మాత్రలు అడ్డుకునేది దానినే. దూలగొండి సంకేతం మాత్రం వేరే నాడీతంతువుల ద్వారా మెదడుకు చేరుతుంది, కనుక ఆ మాత్రలతో పెద్దగా ఉపశమనం కలగదు. ఎటోపిక్ డెర్మటైటిస్ వంటి దీర్ఘకాలిక చర్మవ్యాధుల్లోనూ ఇదే ఇబ్బంది. దురదతో నిద్ర కరవైన రోగికి హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు అంతగా తోడ్పడవు. అందుకే హిస్టమిన్‌తో పనిలేని దురదను ప్రయోగశాలలో పుట్టించడానికి పరిశోధకులు స్వచ్ఛంద కార్యకర్తల చర్మంపై ఈ రోమాలనే వాడుతున్నారు. పల్లెల్లో పిల్లలు ఆకతాయితనానికి వాడే నూగుకు అక్కడ దక్కిన గౌరవం అది.

నూగు పడినచోట రుద్దకూడదు. అంటుకునే టేపును మెల్లగా అద్ది లాగితే చాలా రోమాలు దానితోపాటు వచ్చేస్తాయి, ఆపై ధారగా నీళ్లు పోసి కడగాలి. ఒంటి మీది బట్టలను వెంటనే మార్చి విడిగా ఉతకాలి. కంట్లో పడితే మాత్రం నలపకుండా నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా నేత్రవైద్యుని వద్దకు వెళ్లాలి.




ఇదే తీగలో దురద పుట్టించని రకం కూడా ఉంది. దానిని నేలకు సత్తువనిచ్చే పచ్చిరొట్ట పైరుగా సాగు చేస్తారు.