కల్లు ఎందుకు ఆగదు, వైన్ ఎందుకు ఆగుతుంది

గద్వాల నుంచి హైదరాబాద్ బయల్దేరేవాళ్లలో కొందరు లీటరు సీసాలో ఈతకల్లు పట్టించుకుని బస్సెక్కుతారు. జడ్చర్ల దాటేసరికి సీసా ఉబ్బుతుంది. మూత కొంచెం తిప్పితే బుస్సుమని నురగ పైకొస్తుంది. ఇంటికెళ్లి గ్లాసులో పోసుకుంటే పొద్దున చెట్టు కింద తాగిన రుచి ఉండదు. తప్పు సీసాది కాదు, గౌడన్నదీ కాదు.

గీసిన చోట నుంచి కారేటప్పుడు అది ఇంకా కల్లు కాదు, చక్కెర నీళ్లే. లీటరులో వంద గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. గాలిలో, చెట్టు మీద, లొట్టి లోపల ఉండే ఈస్ట్ అందులో పడగానే పని మొదలుపెడుతుంది. చక్కెరను తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. నురగ ఆ వాయువుదే. పక్కనే లాక్టిక్ బాక్టీరియా పులుపు పుట్టిస్తుంటుంది. లొట్టి అడుగున నిన్నటి మడ్డి మిగిలితే పాలకు తోడు వేసినట్టే, పులియడం ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే కడిగి ఎండబెట్టిన లొట్టిలో దిగిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దున తియ్యగా దిగింది సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాల్‌తో ఘాటెక్కుతుంది. మర్నాటికి ఎసిటిక్ బాక్టీరియా అందుకుని ఆ ఆల్కహాల్‌ను వెనిగర్ వైపు నడిపిస్తుంది.

వైన్ సంగతి వేరు. ద్రాక్షరసంలో ఈస్ట్ తన పనిని సీసాలో పోయకముందే ముగించి ఉంటుంది. 12 నుంచి 14 శాతం ఆల్కహాల్, దానికి తోడు పులుపు ఉంటాయి కాబట్టి చాలా సూక్ష్మజీవులు అందులో బతకలేవు. మూత తీశాక దాని శత్రువు ప్రధానంగా గాలే. ఆక్సిజన్ ముందు పండు వాసనను చంపుతుంది, తర్వాత వెనిగర్ బాక్టీరియాకు ఊపిరిపోస్తుంది. కాబట్టి మిగిలిన వైన్‌ను చిన్న సీసాలోకి మెడదాకా నింపి, బిరడా గట్టిగా బిగించి, ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. అలా చేస్తే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. నురగ వైన్ అయితే ఒకటి రెండు రోజులే. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఉంచమని పుస్తకాలు చెప్పేది చలిదేశాల గదుల గురించి. వనపర్తిలో మే నెల గదిని నమ్ముకుంటే వైన్ మూత తీయకముందే పాడవుతుంది.

ఈ సలహానే కల్లుకు పాటిస్తే ప్రమాదం. మెడదాకా నింపి మూత బిగిస్తే లోపలి వాయువుకు దారుండదు, గాజు సీసా పగిలిపోవచ్చు. కల్లు సీసాలో నాలుగో వంతు ఖాళీ ఉంచాలి, మూత వదులుగా పెట్టాలి. దానికి పనికొచ్చేది చల్లదనం ఒక్కటే. ఐసు డబ్బాలో తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ మందగిస్తుంది, కానీ చావదు. ఓ రోజు కలిసొస్తుంది, అంతకు మించి ఆశపడొద్దు.

పులవకుండా ఆపే పాత ఉపాయం సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే రసం క్షారమై ఈస్ట్ పనిచేయలేదు. అలా దిగేదే నీరా. దాన్ని వడకట్టి వెంటనే చల్లబరచాలి, తాగేదాకా చల్లగానే ఉంచాలి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచినప్పుడు ఎక్సైజ్ మంత్రి మన మహబూబ్‌నగర్ అప్పటి ఎమ్మెల్యే శ్రీనివాస్ గౌడే. పాలమూరు పల్లెల్లో నీరా అమ్మాలంటే చెట్టు గీసేవాళ్లతో పాటు చల్లని పెట్టెలు, వాటిని మోసే బండ్లు కూడా కావాలి. వేడి చేయడం ఇంకో దారి. ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ 1860లలో ఆ పద్ధతిని మొదట పట్టింది వైన్ కోసమే, పాలకు వాడటం తర్వాతి మాట. శ్రీలంకలో కొబ్బరికల్లును అలా వేడిచేసి సీసాల్లో అమ్ముతారు. నిల్వ ఉంటుంది గానీ చెట్టు కింది రుచి రాదు.

ఈ ఆగని గుణంలోనే కల్తీకి సందు దొరికిందని నా అభిప్రాయం. ఈతచెట్టు చలికాలంలో బాగా పారుతుంది, కానీ ఆ కల్లును మిగతా నెలలకు దాచలేం. దుకాణం మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, గిరాకీ తగ్గదు. చెట్టు ఇవ్వలేని మత్తును నీళ్లలో కలిపిన క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలామ్ ఇస్తాయి. తీపికి సాకరిన్ ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. అలవాటుపడినవాళ్లకు మందుకల్లు హఠాత్తుగా అందకపోతే వణుకు, మూర్ఛ, పొంతనలేని మాటలు మొదలవుతాయి. అది మొండితనం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు.

అల్ప్రాజోలామ్‌ను నాలుక పట్టలేదు, పరీక్ష ప్రయోగశాలలోనే జరగాలి. ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. సగం గ్లాసు కల్లును ఫ్రిజ్ బయట మర్నాటిదాకా ఉంచండి. అప్పటికీ పులవకుండా అదే తీపితో ఉంటే, నాగర్‌కర్నూల్ చెట్టుదని ఎవరు ఒట్టేసినా తాగొద్దు. పులిసినంత మాత్రాన కల్తీ లేదని అనుకోవద్దు, ఎందుకంటే కాస్త చెట్టుకల్లు కలిపినా పులుస్తుంది.

నమ్మకమైన చెట్టుకల్లే మిగిలిపోయి పులిస్తే పారబోయనక్కర్లేదు. కేరళవాళ్లు అప్పం పిండి పొంగడానికి కల్లు కలుపుతారు. గోవావాళ్లు కొబ్బరికల్లును వారాలపాటు పులియనిచ్చి, ఆ వెనిగర్‌తో మాంసం వండుతారు. గుడ్డ కట్టిన జాడీలో మన ఈతకల్లుతోనూ ప్రయత్నించవచ్చు.