రంది, మనాది, నిమ్మళం: ఒత్తిడిలో ఉన్న మనసుకు జనం పెట్టుకున్న పేర్లు

వ్యాససంగ్రహం: తీవ్రమైన ఒత్తిడిలో బతికేవారి మానసికస్థితిని నేడు ప్రశ్నావళులతో కొలుస్తున్నారు. ఆ ప్రశ్నల్లోని తెలుగుకూ, బాధపడేవారు మాట్లాడే తెలుగుకూ మధ్య ఉన్న దూరాన్ని తెలంగాణ వ్యవసాయ కుటుంబాల వాడుక ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రంది, మనాది, బెంగ, నిమ్మళం, మాండలికం, మానసికారోగ్యం.

1. ప్రవేశిక

మాండలిక పదసేకరణకు వెళ్ళిన మా విద్యార్థి ఒకరు పత్తి పండించే ఒక కుటుంబంలోని పెద్దావిడను "మీకు మానసిక ఒత్తిడి ఉందా?" అని అడిగాడు. "గదేంది బిడ్డా, అసొంటిదేం లేదు" అన్నదామె. కాసేపటికి మాటల్లో తానే "పంట పోయింది, బాకీ నిలవడ్డది, రంది వట్టుకున్నది, రాత్రి నిద్ర రాదు" అని చెప్పింది. ఆ విద్యార్థి తెచ్చిన పత్రంలో ఒక గడిలో "ఒత్తిడి లేదు" అనీ, మరో గడిలో "రంది: దిగులు" అనీ ఉంది. రెండూ ఒకే మనిషి మాటలని అతనికి తట్టలేదు. నిజానికి మొదటిసారి చదివినప్పుడు నాకూ తట్టలేదు.

2. పదాలు, వాటి పట్టు

'ఒత్తిడి' అచ్చతెలుగు మాటే. కాని దానికి మానసికార్థం కొత్తగా చేరింది. శరీరం ప్రతికూల పరిస్థితులకు స్పందించే తీరును హాన్స్ సెల్యె 1936లో వివరించిన తరువాత 'స్ట్రెస్' అనే భావన శాస్త్రంలో స్థిరపడింది. దానికి సమానార్థకంగా మనం వాడుతున్నది ఈ మాటనే. పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు అది చాలు; ఊరి అరుగు మీద చాలదు.

అక్కడ వినిపించే మాటలు వేరు. 'రంది'కి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది: బాకీ, బిడ్డ పెండ్లి, గల్ఫ్‌కు పోయిన కొడుకు. ఆ రంది తీరక లోపల పేరుకుపోయి ఒంటిని తినడం మొదలుపెడితే అది 'మనాది'. "మనాదితో మంచం వట్టిండు" అనడంలో మనసుకూ శరీరానికీ మధ్య గీత లేదు. కోస్తాలో వినిపించే 'బెంగ' ఎక్కువగా దూరమైన మనిషి కోసం పెట్టుకునేది. 'బుగులు' రాబోయేదాని గురించిన భయం. వీటన్నిటికీ 'విచారం' అని ఒక్క అర్థం రాసి సరిపెట్టడం మన పదసూచికలకు అలవాటు. ఇవి పర్యాయపదాలు కావు. బాధ ఏ దశలో, దేనిచుట్టూ ఉందో చెప్పే గుర్తులు. సమాజాలు తమ బాధను తమవైన రూపాల్లో వ్యక్తం చేస్తాయని మార్క్ నిక్టర్ 1981లో దక్షిణ కర్ణాటక ప్రాంతపు స్త్రీలను పరిశీలించి ప్రతిపాదించారు. తెలుగు మాండలికాల్లో ఆ పని ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

వ్యాకరణం మరొక సంగతి చెబుతుంది. బాధపడే మనిషి "నాకు రంది వట్టుకున్నది" అంటాడు. ఇక్కడ కర్త రంది. పక్కింటివారు "రంది వెట్టుకున్నడు" అంటారు; ఇక్కడ కర్త మనిషి. "రంది వెట్టుకోకు" అనే ఓదార్పులో ప్రేమతోపాటు, నీవే తెచ్చి పెట్టుకున్నావన్న సన్నని నింద కూడా ఉంది. ఒత్తిడి సంఘటనలోనే లేదనీ, తన ముందున్న సమస్యనూ తన శక్తినీ మనిషి అంచనా వేసుకునే తీరులో ఉందనీ లాజరస్, ఫోక్‌మన్‌లు 1984లో అన్నారు. అది బలమైన సిద్ధాంతమే. కాని కౌలురైతు విషయంలో దీనిని జాగ్రత్తగా అన్వయించాలి. భూమి తన పేరున లేనివాడికి బ్యాంకు రుణం దొరకడం కష్టం. 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే అందింది. ప్రైవేటు అప్పు మీద పెరిగే వడ్డీ అంచనా మార్చుకుంటే తగ్గదు.

3. నిమ్మళం, నిబ్బరం

ప్రపంచ ఆరోగ్యసంస్థ వాడుకలోకి తెచ్చిన ఐదు ప్రశ్నల సూచిక గడచిన రెండు వారాల్లో ఉల్లాసంగా, ప్రశాంతంగా, చురుకుగా ఉన్నారా, నిద్రలేచేసరికి తాజాగా అనిపించిందా, రోజువారీ జీవితం ఆసక్తి కలిగించే విషయాలతో నిండి ఉందా అని అడుగుతుంది. చివరి ప్రశ్నను కలుపుతీతకు పోయివచ్చిన మనిషి ముందు పెట్టి చూడాలి. అక్కడ మనసు బాగుండటానికి వాడే మాట 'నిమ్మళం'. అది ఒక్కరి లోపల పుట్టేది కాదు. బాకీలో సగం తీరితే, పిల్ల ఇల్లు చేరితే, వాన పడితే "పాణం నిమ్మళమైంది" అంటారు.

'నిబ్బరం' వేరు. దుఃఖం మధ్యనే కూలిపోకుండా నిలబడటం అది. మనం దానిని ఎంతో మెచ్చుకుంటాం, ముఖ్యంగా మగవారిలో. ఆ మెప్పులోనే ప్రమాదం ఉంది. నిబ్బరస్తుడని పేరు పడ్డ మనిషి రంది అన్న మాటను నోటివెంట రానివ్వడు. నిద్ర పట్టడం లేదనీ, తిండి సహించడం లేదనీ, కాళ్ళు గుంజుతున్నాయనీ మాత్రం డాక్టరుకు చెబుతాడు. మాత్రలతో తిరిగి వస్తాడు.

4. అడగవలసిన తీరు

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ సమాధానం చెప్పేవారికీ, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకూ జిల్లాలవారీగా ఇటువంటి పదాల చిన్న పట్టికను తెలుగుశాఖలు తయారుచేసి ఇవ్వగలవు. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఇప్పటికే మన విద్యార్థుల పత్రాల్లో సగం సామగ్రి ఉంది. పట్టికలో అర్థంతోపాటు, ఆ మాట విన్నాక ఏం అడగాలో కూడా రాయాలి. 'రంది' అన్నవారిని "దేనికి?" అని అడగాలి. 'మనాది' అన్నవారిని "ఎన్ని దినాల నుంచి?" అని అడగాలి. "బతుకు మీద ఆశ లేదు" అన్న మాట వినిపిస్తే, పత్రం పక్కన పెట్టి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆమె దగ్గరే కూర్చొని ఆ నంబరుకు ఫోను కలపాలి.